రేకుపెట్టెలో పాయింట్లు

ఆ వీధిలో ఆవిడను అందరూ తాళాలత్త అనేవారు. మొహం మీద అనే ధైర్యం లేనివాళ్ళు ఉత్త అత్తా అని పిలిచి, తాళాల సంగతి ఆవిడ వెనక్కి తిరిగాక కలుపుకునేవారు. నడుముకు ఎప్పుడూ ఒక గుత్తి వేలాడుతుండేది. బియ్యం డబ్బాకో తాళం, పప్పుల అలమరకో తాళం, ఆఖరికి ఉప్పు జాడీ పెట్టే గూటికి కూడా తాళమే. ఉప్పెవరు ఎత్తుకుపోతారు అత్తా అని అడిగితే, "తాళం ఉంది కాబట్టే ఎవరూ ఎత్తుకుపోవట్లేదు" అనేది. ఆ మాటకు ఎదురు చెప్పగలిగిన మొనగాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

ఆవిడేమీ సరదాకి అలా తయారవలేదు. నూలుమిల్లు మూతపడిన కొత్తల్లో సాయం సంఘం వ్యాను వారానికోసారి సరుకుల పొట్లాలు తెచ్చేది. తోపులాట, మోచేతి పోట్లు, పొట్లంలో ఏముంటే అదే మహాప్రసాదం. ఒకనాడు వీధంతా సంచులు పట్టుకుని ఎండలో నిలబడితే వ్యాను రానే లేదు. పై వారమూ రాలేదు. ఎందుకు రాలేదో చెప్పిన నాథుడు లేడు. అప్పుడు తాళాలత్త దాచిన బియ్యంతోనే చుట్టుపక్కల ఇళ్ళలో పొయ్యి వెలిగింది. అందుకే ఆవిడ మాట ఎవరూ జవదాటరు. ఒకసారి వచ్చింది మళ్ళీ వస్తుందని నమ్మకూడదు, దొరికింది దొరికినట్టే దాచుకోవాలి. ఆవిడ లోకజ్ఞానం అంతా అంతే.

ఈ నెల మొదట్లో సంఘం పద్ధతి మార్చింది. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు తిరిగిన ఆ వ్యాను ఇక లేదు, పొట్లం లేదు. ఇంటికో చిన్న బటన్ల ఫోను ఇచ్చి అందులో పాయింట్లు వేశారు. వీధి మొగలో ఉన్న కొట్టుకు పోయి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు. కొట్టాయన తన మిషన్లో నొక్కితే మన ఫోనుకు ఒక నంబరు వస్తుంది. అది చెబితే పాయింట్లు తెగుతాయి, సరుకు మన సంచిలో పడుతుంది. సంఘం అమ్మాయి ఇదంతా విడమరిచి చెప్పి, "ఇంకో ముఖ్యమైన సంగతండీ, ఈ పాయింట్లు..." అంటుండగానే తాళాలత్త అడ్డుపడింది.

"సరేలేమ్మా. జాగ్రత్త చేసుకోవడం మాకొకళ్ళు నేర్పాలా?"

వీధంతా ఫక్కున నవ్వింది. ఆ ముఖ్యమైన సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

తాళాలత్త ఇంటికి వచ్చి ఫోనును పాత చీర ముక్కలో చుట్టి, రేకుపెట్టె అడుగున పెట్టి, తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుంది. పాయింట్లు ఎక్కడికీ పోవు, మహరాజులా పడుంటాయి. ఆవిడను చూసి వీధంతా అదే పని చేసింది. పెట్టె లేనివాళ్ళు పిండి డబ్బాలో పూడ్చారు.

ఆ ఇంట్లో కోడలికి ఆరో నెల. కొడుకు సరుకు లారీ ఎక్కి దూరాలు తిరుగుతుంటాడు. పిల్ల కళ్ళు లోతుకు పోయాయి, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "అత్తయ్యా, గుడ్లు తెచ్చుకుందామా?" అని ఒకసారి నెమ్మదిగా అడిగింది.

"అవన్నీ నీ కాన్పుకే తల్లీ. అప్పుడు రోజూ గుడ్డు పెడతాను, పాలు పోస్తాను. అందాకా ఓర్చుకో."

ఆ మాట అన్న రోజున తాళాలత్తకు ముద్ద దిగలేదు. అయినా పెట్టె మూత తీయలేదు.

నెల ఆఖరి రోజు మధ్యాహ్నం కొట్టాయన పడుతూ లేస్తూ వచ్చాడు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

"వదినా, మీ ఫోనేది?"

"భద్రంగా ఉంది. నీకెందుకు?"

"ఆ భద్రమే కొంప ముంచింది. సంఘం అమ్మాయి ఇప్పుడే నాకు ఫోన్ చేసింది. ఇవాళ నేను కొట్టు కట్టేలోగా వాడకపోతే పాయింట్లన్నీ పోతాయంట. పైగా ఈ వీధిలో ఒక్కళ్ళూ ఏమీ కొనలేదు గనక మనకు సాయం అక్కర్లేదని రాసుకుంటారంట. వచ్చే నెల నుంచి ఇంకో వీధికి ఇచ్చేస్తారు."

తాళాలత్త తెల్లమొహం వేసింది. "పోవడమేంటయ్యా? ఉల్లిపాయలు కుళ్ళుతాయని తెలుసు. పాయింట్లు కూడా కుళ్ళుతాయా?"

"కుళ్ళుతాయి వదినా. ఈ సాయంత్రానికే."

"మరి ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం?"

కొట్టాయన నీళ్ళు నమిలాడు. "ఎవరినడిగినా తర్వాత చూద్దాం అన్నారు. నన్ను కాదని ఇంకో కొట్టుకు పోతున్నారేమో అనుకున్నా. అలిగి ఊరుకున్నా."

అలకలు తీర్చే తీరిక ఆవిడకు లేదు. ఒక్క ఉదుటున లేచి పెట్టె తెరిచి, గుడ్డ విప్పి, ఫోను బటన్ నొక్కింది. వెలగలేదు. గట్టిగా నొక్కింది. ఊహూ. "చచ్చిపోయిందా ఏంటే?"

కోడలు ఫోను అందుకుని తిప్పి చూసింది. "ఆకలికి సొమ్మసిల్లింది అత్తయ్యా. నెల నుంచీ దానికీ ఏమీ పెట్టలేదుగా."

పిల్ల నవ్వుతూనే అంది. తాళాలత్తకు మాత్రం ఆ మాట సూటిగా తగిలింది. జారిన గాజుల వైపు ఒక్కసారి చూసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి వీధిలోకి దిగింది. ఆ కాళ్ళకు అంత పరుగుందని ఆవిడకే తెలియదు.

మొదటి గడప కుట్టుమిషనావిడది. సంగతి విని ఆవిడ సూది కూడా ఆపలేదు. "దాచమన్నది నువ్వే, ఖర్చుపెట్టమనేదీ నువ్వే. మాకు పరీక్ష పెడుతున్నావా అత్తా? నేను దొరకను."

"పరీక్షా లేదు, పాడూ లేదు. పప్పులో కాలేశానే. నేనే వేశాను, మీ అందరి చేతా వేయించాను."

కుట్టుమిషనావిడ ముసిముసిగా నవ్వింది. ఇంక మాటలతో లాభం లేదని తాళాలత్త నడుముకున్న గుత్తి ఊడదీసి మిషను మీద పడేసింది. గుత్తి లేని తాళాలత్తను ఆ వీధి ఎన్నడూ చూసి ఎరగదు. కుట్టుమిషనావిడ సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి, లోపలికి పోయి పిండి డబ్బా బోర్లించింది.

అక్కణ్ణుంచి వార్త దావానలంలా పాకింది. పెట్టెలు తెరుచుకున్నాయి, డబ్బాలు దొర్లాయి. బస్సు కండక్టరు ఇంట్లో తాళం చెవి ఆయన జేబులోనే ఉండి ఆయనతోపాటు బస్సెక్కి పోయింది. ఆయన పెళ్ళాం లబోదిబోమంటుంటే తాళాలత్త సుత్తి తెప్పించి, తన చేత్తో ఆ తాళం బద్దలు కొట్టింది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ మాత్రం సుత్తి చేతబట్టుకునే పక్క గుమ్మం ఎక్కింది.

ఇన్ని ఫోన్లు దొరికాయి, ఒక్కదానికీ ప్రాణం లేదు. ఇళ్ళల్లో చూస్తే బల్బే గానీ ప్లగ్గు లేదు. ఛార్జింగు పెట్టడానికి బోలెడు ప్లగ్గులున్న చోటు వీధిలో ఒక్కటే, సెలూన్. ఫోన్లన్నీ అక్కడికి చేరాయి. పొడుగాటి అద్దం కింద, దువ్వెనల పక్కన బారులు తీరాయి. సెలూనాయన ఫ్యానూ కత్తిరింపు మిషనూ పీకేసి ఆ ప్లగ్గులు కూడా ఇచ్చేశాడు. కుర్చీలో ఒక పెద్దమనిషి సగం తల కత్తిరింపుతో కూర్చుని ఉన్నాడు.

"మరి నా సంగతేంటయ్యా?"

"మీ జుట్టు రేపటికి కుళ్ళిపోదు లెండి" అన్నాడు సెలూనాయన.

వీధి వీధంతా అద్దం ముందు నిలబడి, కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది. అంతలో ఒక ఫోను పచ్చగా వెలిగింది. ఇంకోటి కుయ్యిమంది. ఆ వెనకే నాలుగైదు. జనం హోరున అరిచారు. సగం తల పెద్దమనిషి కూడా చప్పట్లు కొట్టాడు.

ఇక కొట్టు దగ్గర తిరనాళ్ళే. కొట్టాయన మిషన్ నొక్కడం, ఫోను మోగడం, నంబరు చెప్పడం, సంచి నిండడం. జనం ముందు బియ్యం మీద, తర్వాత పప్పుల మీద, నూనె మీద పడ్డారు. చూస్తుండగానే బస్తాలు ఖాళీ అయి గోడకు జారగిలబడ్డాయి. కుట్టుమిషనావిడ తన వంతు వచ్చాక కౌంటరు ముందు కొయ్యబారి నిలబడిపోయింది. ఏం కావాలో చెప్పమంటే ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళూ ఇచ్చింది పట్టుకోవడమే గానీ, ఇది కావాలని ఎక్కడడిగాం" అంది.

తాళాలత్త సెలూన్ నుంచి కొట్టుకు, కొట్టు నుంచి సెలూన్‌కు కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతోంది. ఒక ప్లగ్గు ఖాళీ అయినప్పుడల్లా కోడలు తమ ఫోను చాపేది, అత్త ఆ చేయి పక్కకు నెట్టేది.

"ముందు వాళ్ళవి పెట్టు. నా మాట విని మునిగారు, ముందు వాళ్ళు తేలాలి. ఆ తర్వాతే మనం."

ఎండ వాలింది. కొట్టాయన షట్టరు సగం దించి, మాటిమాటికీ ఇటు తొంగిచూస్తున్నాడు. ఆఖరున తమ ఫోను ప్లగ్గెక్కింది. వెలగలేదు. తాళాలత్త దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని పసిపిల్లను నిమిరినట్టు నిమిరింది. కాన్పుకని దాచిన కూడు కళ్ళముందే గాలిలో కలిసిపోతోంది. పోతే పోనీ, ఆ పిల్ల నోరు ఇన్నాళ్ళు ఎందుకు కట్టేశానురా అని లోపల ఒకటే మంట. కోడలు వచ్చి భుజం మీద చేయి వేసింది.

ఫోను వెలిగింది.

ఇద్దరూ పరుగో పరుగు. ఆరో నెల అని కోడలికీ గుర్తులేదు, మోకాళ్ళ నొప్పులని అత్తకూ గుర్తులేదు. "మెల్లిగా వదినా, మీరొచ్చేదాకా షట్టరు దించుతానా" అని కొట్టాయన అంటూనే ఉన్నాడు.

"బియ్యం" అంది తాళాలత్త ఆయాసపడుతూ. "బియ్యం, కందిపప్పు, ఉప్పు."

"అయిపోయాయి వదినా."

"పిండి?"

"అదీ లేదు. ఉన్నవి ఇవే."

బల్ల మీద గుడ్లున్నాయి, పాలున్నాయి, మగ్గిన అరటిపళ్ళు, ఎర్రటి టమాటాలు, ఆకుకూరల కట్టలు ఉన్నాయి. దాచడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఏ తాళం వేసినా రెండు రోజులకు మించి ఆగనివే అన్నీ. తాళాలత్త చేయి అలవాటుగా నడుము మీదికి పోయింది. అక్కడ గుత్తి లేదు.

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. మొదట పైట అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆ ప్రయత్నమూ మానేసింది. కాసేపు గుర్రుగా చూసిన తాళాలత్త కూడా నవ్వులో పడిపోయింది. "అన్నీ ఇచ్చెయ్యవయ్యా" అంది. నంబరు వచ్చింది. కోడలు ఒక్కో అంకే గట్టిగా చదివింది. మిషన్ ఆ నంబరు తీసుకుంది. షట్టరు దిగింది.

ఆ సాయంత్రం వీధిలో ప్రతి కిటికీ లోంచి తాలింపు ఘుమఘుమలే. తాళాలత్త కోడలిని పీట మీద కూర్చోబెట్టి గుడ్డు మీద గుడ్డు వలిచి పెట్టింది. "చాలు అత్తయ్యా" అంటే, "నోర్మూసుకుని తిను" అంది. తినేటప్పుడు నోరెలా మూసుకోవడమని కోడలు అడిగితే, ఒక అరటిపండు వలిచి ఆ నోట్లోనే పెట్టింది. మిగిలిన పాలు పక్కింటి పిల్లలకు పోసేసింది.

పొద్దున్నే తాళాలత్త ఖాళీ పెట్టె ముందు కూర్చుంది. కుట్టుమిషనావిడ గుత్తి తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. బియ్యం డబ్బా కూడా అడుగంటింది, వేయడానికి ఏమీ లేని తాళాలవి. దాచింది లేకుండా ఆవిడకు తెల్లవారిన రోజు ఇదొక్కటే. నిన్నటి హడావుడంతా ఇంతలోనే చల్లబడిపోయింది. వ్యాను కూడా ఇలాగే, ఒకరోజు వచ్చి ఇంకోరోజు రాలేదు. కొన్నాం సరే, మనకు అవసరమేనని వాళ్ళు నమ్మారో లేదో.

మూత తీసిన పెట్టె పక్కన ఫోను కుయ్యిమంది.

ఆవిడ కదల్లేదు. కోడలే వచ్చి చూసింది. చూసి, తెరను అత్త కళ్ళకు దగ్గరగా పెట్టింది. వీధిలో ఎక్కడో ఇంకో ఫోను మోగింది. తర్వాత ఎదురింట్లో. తర్వాత అటుపక్క, ఇటుపక్క, వీధి పొడుగునా.

"మళ్ళీ వచ్చాయి అత్తయ్యా."

"మళ్ళీనా?" అంది తాళాలత్త. ఆ మాట ఆవిడ నోటికి కొత్త. ఇంకోసారి అని చూసుకుంది. "మళ్ళీ వచ్చాయి." అంటుండగానే కళ్ళు జలజలా కారాయి, ఆవిడ తుడుచుకోలేదు. లేచి సంచి అందుకుని, కోడలి వైపు తిరిగింది.

"ఏం తినాలనుందే నీకు?"

ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. "ఏమో అత్తయ్యా. ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకో తల్లీ. కొట్టు ఇంకా తెరవలేదులే" అని, తాళాలత్త సంచి ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది.