గాటు లేని గుర్తు

పోర్చుగల్ తీరాన ఉన్న పోవువా ఊరి చేపల బజారులో మొప్ప ఎత్తకుండానే సరుకు ఎలాంటిదో చెప్పగల మనిషి జుల్మీరా. ఇంట్లో మాత్రం ఆమె చూపంతా చిన్నకొడుకు దెల్ఫీం పాదాల మీదే ఉండేది.

మొగుడు బెల్మీరో పాదాల జబ్బుతోనే పోయాడు. మొదట వేళ్ళు మొద్దుబారాయి, తరువాత వేడి తెలియలేదు, ముప్పై ఎనిమిదో ఏట మంచం దిగలేదు. కాలేయంలో తయారయ్యే, పూసల దండలాంటి ఒక ప్రొటీన్‌లో ఒక్క పూస మారిందని, అది సరిగ్గా మడతపడక నరాల్లో పేరుకుపోతుందని పోర్తో నగరం డాక్టరమ్మ చెప్పింది. ఇది వంశంలో దిగే జబ్బని, ప్రతి బిడ్డకూ సగానికి సగం ప్రమాదమేనని అంది.

"ఇన్ని తరాలైనా ఈ పాడుది అంతరించలేదేమమ్మా?" అని జుల్మీరా అడిగింది.

"పిల్లలు పుట్టాక గానీ బయటపడదు కదా. అప్పటికే వాళ్ళలోకి దిగిపోయి ఉంటుంది."

"తెలిసింది. కొనేవాడు బుట్టలో పైవరసే చూస్తాడు. అడుగువరస సంగతి ఇంటికి పోయాకే."



జుల్మీరా తన లెక్క తాను వేసుకుంది. ఇద్దరు కొడుకులు, ఒకడు పోతాడు, ఒకడు మిగులుతాడు. పోయేదెవరో కూడా తేల్చుకుంది. ఆ ఊళ్ళో పడవ మీద, వల చెక్కల మీద ఇంటి గుర్తు చెక్కుకుంటారు. పెద్దవాడు తండ్రి గుర్తుకు ఒక గాటు చేర్చుకోవాలి. కడగొట్టువాడికి అది ఉన్నదున్నట్టు దక్కుతుంది. దెల్ఫీంకు తండ్రి గుర్తే కాదు, ముఖమూ నడకా కూడా అచ్చంగా దిగాయి. జబ్బు మాత్రం వదులుతుందా? వాణ్ణి పడవ ఎక్కనివ్వలేదు. మంచి ముక్క వాడి పళ్ళెంలోనే వేసింది. పెళ్ళికి ముందు పెద్దవాడు కుస్తోదియో రక్తపరీక్ష చేయించుకుంటానంటే, "నీకెందుకురా, నీ గుర్తు వేరు" అని కొట్టిపారేసింది.

జాలర్ల వేల్పు సెయింట్ పీటర్ పండుగనాడు దెల్ఫీం పరీక్ష ఫలితం వచ్చింది. జబ్బు లేదు. జుల్మీరా ఏడ్చి, నవ్వి, పెరట్లో బొగ్గులు రాజేయించింది. కూతుర్ని చంకనేసుకుని కుస్తోదియో ఉత్త కాళ్ళతో సార్డీన్ చేపలు కాలుస్తున్నాడు.

"బతికిపోయావురా చంటోడా! ఇకనైనా మాకో మంచి ముక్క పడుతుందా అమ్మా?"

"నీకేం తక్కువరా, దున్నపోతులా ఉన్నావు!"

అంతలో మాడు వాసన వచ్చింది. అది చేపది కాదని జుల్మీరా ముక్కు వెంటనే పట్టేసింది.

"అన్నయ్యా, కాలు!" అని దెల్ఫీం అరిచాడు.

కుస్తోదియో తీరిగ్గా పాదం ఎత్తి చూసుకున్నాడు. అరికాలికి నిప్పుకణిక అతుక్కుని ఉంది. "అరె, ఎప్పుడు తొక్కానో!"

జుల్మీరా అతణ్ణి పీట మీద కూర్చోబెట్టి, ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని నిప్పు దులిపింది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"చలికాలం నుంచి కొంచెం మొద్దుగా ఉంది. చలికేమో అనుకున్నా. నా గుర్తు వేరని నువ్వేగా అన్నావు?"

ఆమె బొబ్బ మీద వేలు పెట్టి నొక్కింది. ఒక్కసారి అబ్బా అంటాడేమోనని ఇంకా గట్టిగా నొక్కింది. అతను అమ్మ ముఖంలోకే చూస్తున్నాడు. అతని ఒళ్ళోంచి పాప రెండు పాదాలూ ఆమె కళ్ళ ముందే ఊగుతున్నాయి.