బంతి తన్నని మాస్టారు

తొమ్మిదో నంబరు చొక్కాను లోపలివైపుకు తిరగేసి బల్ల మీద పరిచారు మాస్టారు. ఇస్త్రీ పెట్టె ఎత్తినవారు మళ్లీ పక్కన పెట్టి, కాలరును వేళ్లతో తడిమి చూశారు. తిరగేయకుండా రుద్దితే రబ్బరు అంకె కరిగి పెట్టెకు అంటుకుంటుంది. ఒకసారి పరధ్యానంలో ఏడో నంబరును అలాగే మాయం చేశారాయన. ఆ చొక్కా పిల్లాడు సీజనంతా అంకె లేకుండానే ఆడాడు, అందరికంటే బాగా ఆడాడు. నంబరు లేకపోయేసరికి వాణ్ని ఎవరు కాపు కాయాలో అవతలివాళ్లకు తోచలేదేమోనని మాస్టారి అనుమానం. ఇప్పటికీ ఆ సంగతి తేల్చుకోవాలని ఆయనకు ఉంది.

కుతూహలం ఆయనకొక జబ్బు. లాండ్రీ నడిపేవాడికి అది మంచిది కాదు. ఎవరి జేబులోనైనా రెండు సినిమా టికెట్లు దొరికితే ఆ రెండో మనిషి ఎవరా అని పొద్దుగూకేదాకా ఆలోచిస్తారు. క్లబ్బు పిల్లల చొక్కాలైతే చెప్పనే అక్కర్లేదు. మోచేతుల దగ్గర మట్టి ఉందంటే గోల్‌కీపర్. తుంటి మీద ఒక్క పక్కనే గడ్డి మరక ఉందంటే ఎప్పుడూ ఒకే వైపుకు జారిపడే డిఫెండర్. ఏ మరకా లేదంటే ఆ బిడ్డ బంతి దగ్గరికే వెళ్లలేదు. ఈ తొమ్మిదో నంబరు కాలరు కొన మాత్రం నలిగి, నూలు పైకి లేచి ఉంది. పిల్ల నమిలింది. ఎందుకు నమిలిందో అడగాలి అనుకున్నారు.

అడగడానికి ఈ ఒక్క ఆదివారమే మిగిలింది. ఏళ్ల తరబడి బరువైన పెట్టె తోసి తోసి ఆయన కుడి భుజం కాస్త కిందకు దిగింది. దాంతో పేచీ లేదు. ఎడమ భుజం కింద కొట్టుకునేదాన్ని విని వైద్యుడు మొహం చిట్లించాడు. పెట్టె వేడి దగ్గర నిలబడటం, ఎండలో పిల్లల వెంట తిరగడం రెండూ కుదరవు, ఏదో ఒకటి మానుకోమన్నాడు. ఇస్త్రీ మానేస్తే పొయ్యి వెలగదు కాబట్టి మైదానమే మానుకోవాల్సి వచ్చింది. ఇవాళ మ్యాచ్‌కి ముందు క్లబ్బును గోడ చేతిలో పెట్టేస్తున్నారు.

గోడ అంటే మనిషే. చిన్నప్పుడు ఈ క్లబ్బులోనే గోల్‌కీపర్, ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తోంది. బంతిని దాటనిచ్చేది కాదు గనుక పిల్లలు పెట్టిన ఆ పేరు ఆమెకు అలాగే స్థిరపడిపోయింది. క్లబ్బు తీసుకోవడానికి వెంటనే ఒప్పుకుంది గానీ, ఒక కోరిక కోరింది.

"నేను గోల్లో నిలబడతాను మాస్టారూ. అందరి ముందూ మీరొక పెనాల్టీ కొట్టి క్లబ్బు నాకు అప్పజెప్పాలి."

మాస్టారు సరేనన్నారు. సరేనన్న క్షణం నుంచీ ఆయనకు సరిగ్గా ముద్ద దిగలేదు. ఎందుకంటే ఆయన జన్మలో బంతి తన్నలేదు.

ఈ మాట నమ్మడం కష్టమే. క్లబ్బు ఆయన పెట్టింది కాదు, ఆయన మీద పడింది. వెనకటి కోచ్ ఎవరో పిల్లల చొక్కాల మూట లాండ్రీలో వేసి మళ్లీ రాలేదు. ఆదివారం పొద్దున్నే పిల్లలు వచ్చి చొక్కాలు అడిగారు. ఇచ్చి పంపిస్తే మూట తిరిగి వస్తుందన్న నమ్మకం లేక, దాని వెంట ఆయనా వెళ్లారు. అక్కడ రెఫరీ "కోచ్ ఎవరు?" అని అడిగితే పిల్లలందరూ ఆయన మొహం చూశారు. వాళ్లలో ఒకడి కళ్లలో అప్పటికే నీళ్లు తిరుగుతున్నాయి. మాస్టారు గొంతు సవరించుకుని, మోచేతుల మట్టిని, తుంటి మరకల్ని గుర్తు తెచ్చుకుని, నువ్వు గోల్లోకి, నువ్వు వెనక్కి, నువ్వు ముందుకు అని చెప్పేశారు. ఆ రోజు ఓడిపోయారు గానీ, మామూలుగా ఓడిపోయేంత ఘోరంగా ఓడలేదు. పిల్లలు మరుసటి ఆదివారం కూడా వచ్చారు.

తను కోచ్ కానని మొదటి వారం చెప్పలేదు. రెండో వారం చెప్పడానికి సిగ్గేసింది. ఆ తర్వాత సిగ్గుకు కూడా వయసు పెరిగింది. అవతలి టీముల కోచ్‌లు గట్టు మీద నుంచి అరిచేదంతా చెవులు రిక్కించి విని, తెచ్చి తన పిల్లలకు చెప్పేవారు. అది పనికొచ్చింది. అలా పెరిగిన పిల్లల్లో కొందరు పెద్ద క్లబ్బుల దాకా వెళ్లారు. బంతి దొర్లుతూ తన దగ్గరికి వస్తే మాత్రం వంగి, రెండు చేతులతో తీసి, పసిబిడ్డను అందించినట్టు అందించేవారు. చూసిన పిల్లలు ఊరుకుంటారా? మాస్టారికి దెబ్బ తగిలిందన్నారు కొందరు. వాళ్లమ్మకు ఒట్టేశాడన్నారు మరికొందరు. ఆయన తన్నిన బంతి తగిలి ఎవరికో పక్కటెముకలు విరిగాయనీ, అప్పటినుంచీ తన్నడం మానేశాడనీ చెప్పుకునే కథ ఒకటుంది. ఆ కథ వినబడ్డప్పుడు మాస్టారు కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ కథ బాగా నచ్చింది.

ఇవాళ చొక్కాలు మడతపెట్టడం అయ్యాక పెరట్లోకి వెళ్లి, భార్య చూడటం లేదనుకుని, బంతిని నేల మీద పెట్టి తన్ని చూశారు. కాలు ఒక దారి, బంతి ఒక దారి అయింది. బంతి వెళ్లి ఆరేసిన దుప్పట్ల కర్రకు తగిలింది. కర్ర ఒరిగింది. తెల్లటి దుప్పటి బురదలో పరుచుకుంది.

"ఏమయ్యా, దాన్ని మళ్లీ ఉతకాల్సింది నేనే కదా," అంది భార్య గుమ్మంలోంచి.

మాస్టారు దుప్పటి ఎత్తి ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్లారు. తిరిగి వచ్చినప్పుడు కుడి మోకాలికి పట్టీ చుట్టి ఉంది.

ఆమె ఆ పట్టీ వంక చూసింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన్నలేక మోకాలి మీద పెట్టావా?"

"వాళ్లు నవ్వుతారే."

"నవ్వితే నీ సొమ్మేం పోయింది?"

"చివరి రోజు కదా. ఇన్నాళ్లూ ఉత్తి మాటలతోనే కోచింగిచ్చానని తెలిస్తే, నేను చెప్పినవన్నీ ఉత్తుత్తివే అనుకోరూ?"

ఈ భయం భర్త మనసులో ఇంత లోతుగా ఉందని ఆమెకు తెలియదు. దుప్పటి బక్కెట్లో వేసి, "ఆ పట్టీ సరిగ్గా కట్టుకో, జారిపోతోంది," అంది.

మైదానం నీళ్ల ట్యాంకు వెనక ఉంది. ఒక పక్క పెచ్చులూడిన ప్రహరీ, ఇంకో పక్క నెట్లూ సున్నం బస్తాలూ దాచుకునే రేకుల షెడ్డు. మాస్టారు మూట దించగానే పిల్లలు మూగారు. ఆయన మొదట తొమ్మిదో నంబరును వెతికి పట్టుకున్నారు. ఆ పిల్ల జట్టులో అందరికంటే చిన్నది. ఎప్పుడూ ఏదో ఒకటి గుచ్చి గుచ్చి అడుగుతుందని గుండుసూది అని పిలుస్తారు.

"కాలరు ఎందుకు నమిలావు?"

"ఆకలేసి కాదు తాతా," అంది గుండుసూది. "నువ్వు వెళ్లిపోతున్నావని గోడక్క చెప్పింది. అప్పుడు నమిలాను." ఆ వెంటనే ఆ పిల్ల చూపు ఆయన మోకాలి పట్టీ మీదకు దిగింది. "మొన్న కుంటలేదుగా నువ్వు?"

మాస్టారు మూట వైపు తిరిగారు. చొక్కాలు పంచే పనిలో పడ్డట్టు నటించారు.

సున్నపు గీతలు ఆరాయి. గోడ పని బట్టలు మార్చుకుని, పాత గ్లవ్స్ తొడుక్కుని గోల్లో నిలబడింది. పెనాల్టీ చుక్క మీద బంతి పెట్టారు. మాస్టారు కుంటుకుంటూ నడిచి, బంతి ముందు ఆగి, మోకాలు నొప్పి అని చెప్పడానికి నోరు తెరిచారు. తల తిప్పి చూస్తే పిల్లలెవరూ పక్కన లేరు. అందరూ వెనక్కి వెనక్కి జరిగి ప్రహరీకి ఆనుకున్నారు. ఒకడైతే మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"అంత దూరం పోయారేమిట్రా?"

గుండుసూది అక్కణ్నుంచే అడిగింది. "తాతా, గోడక్కని తప్పుకోమను. ఎముకలు విరిగితే రేపు పనికి ఎట్లా పోతుంది?"

ఆ కథను మాస్టారు ఇన్నాళ్లూ ముచ్చటగా దాచుకున్నారు. దాన్ని నమ్మిన పిల్లలు తనను చూసి బెదిరిపోవడం మాత్రం ఆయన ఎన్నడూ ఊహించలేదు. లాండ్రీలో వేడి పెట్టె దగ్గరికి కూడా జంకకుండా వచ్చి తన లుంగీ పట్టుకుని నిలబడే పిల్లలు వీళ్లు. ఆయన మనసు చివుక్కుమంది. వంగి, మోకాలి పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నారు.

"నేనెవరి ఎముకలూ విరగ్గొట్టలేదు. నాకసలు బంతి తన్నడమే రాదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన అంత భయపడ్డ నవ్వు రాలేదు గానీ, ఆయన అనుకోని ఇంకొకటి వచ్చింది. పిల్లలు నమ్మలేదు.

"తాత గొప్ప చెప్పుకోడు," అన్నాడు ఒకడు.

"నిజంరా."

"పెద్ద పెద్ద ప్లేయర్లందరూ అట్లాగే అంటారు," అంది ఇంకో పిల్ల. అందరూ తలలు ఊపారు.

ఇన్నేళ్లు దాచిన నిజాన్ని ఇప్పుడు రుజువు చేసుకోవాల్సి వచ్చింది మాస్టారికి. ఆయన గబగబా రెండడుగులు వేసి తన్నారు. బొటనవేలు బంతి అంచును గీసుకుపోయింది. బంతి ఉన్నచోటే గిర్రున తిరిగి, సిగ్గుపడ్డట్టు కొంచెం పక్కకు జరిగింది.

అప్పుడు నవ్వారు. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మాస్టారు ఆ నవ్వుల మధ్య నిలబడి చూసుకున్నారు. తనకేమీ కాలేదు. పిల్లలు ప్రహరీ వదిలి పరుగెత్తుకొచ్చి చుట్టూ మూగారు. గుండుసూది బంతిని మళ్లీ చుక్క మీద పెట్టి, ఆయన కుడి పాదం దగ్గర గొంతుక్కూర్చుంది.

"బొటనవేలితో కాదు తాతా. ఇదిగో, ఈ పక్కతో. నిలబడే కాలు బంతి పక్కన ఉండాలి. గోల్ వైపు కాదు, బంతి వైపు చూడు."

అవన్నీ ఆయన మాటలే, మాటల మధ్య ఆయనకు అలవాటైన దగ్గుతో సహా. గుండుసూది ఆ దగ్గు కూడా నేర్చుకుంది. ఉత్తుత్తివి కావన్నమాట, అనుకున్నారు మాస్టారు. ఛాతీలో ఏదో వెచ్చగా కదిలింది.

గోల్లోంచి గోడ ఇదంతా చూస్తోంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేకపోవడం మాస్టారి కంట పడింది.

"నీకు ముందే తెలుసా?"

"గోల్లో నిలబడేదాని పనే అది కదా మాస్టారూ. ఎవరు తంతారో, ఎవరు తన్నరో చూస్తూ ఉండటం."

"మరి తెలిసీ నన్ను ఎందుకు ఇందులోకి లాగావు?"

"బంతి చేతికి తీసుకున్నప్పుడల్లా దాన్ని ఒకసారి నొక్కి చూసేవాళ్లు మీరు. ఎట్లా ఉంటుందో తెలుసుకోకుండా వెళ్లిపోతారేమోనని."

మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. నిలబడే కాలు బంతి పక్కన పెట్టారు. బంతి వైపే చూశారు. పాదం పక్కతో తగిలించారు. ఈసారి చప్పుడు వేరుగా వచ్చింది. బంతి నేల మీద తిన్నగా గోల్ వైపు వెళ్లింది. దాన్ని మించిన వేగంతో కాలి చెప్పు ఊడి గాల్లోకి లేచి, పిల్లలందరూ తలలెత్తి చూస్తుండగా వెళ్లి షెడ్డు కప్పు మీద దబ్బున పడింది.

గోడ ఒక పక్కకు ఒరిగి బంతిని ఆపేసింది.

"వదిలేయొచ్చు కదా అక్కా," అన్నారు పిల్లలు.

"వదిలేస్తే ముందు తిట్టేది ఆయనే," అంది గోడ. నిజమే, ఆయన మొహం వెలిగిపోతోంది. బంతి దాటనందుకో, తగిలినందుకో చెప్పడం కష్టం.

నిచ్చెన లేదు. మ్యాచ్‌కి వేళయింది. చెప్పు సంగతి వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నారు. ఆ రోజు ఆటలో ఒక గోల్ తేడాతో ఓడిపోయారు. గుండుసూది చొక్కాకు రెండు పక్కలా గడ్డి మరకలు అయ్యాయి. మాస్టారు మాసిన చొక్కాల మూట భుజాన వేసుకుని, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తిగా, ఎండలో ఇంటికి నడిచారు.

భార్య ఆ పాదం చూసి, "ఏమైంది?" అంది.

"తన్నాను."

"ఎట్లా ఉంది?"

ఇన్నేళ్ల కాపురంలో బంతి గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. మాస్టారు బాగా ఆలోచించి చెప్పారు. "మెత్తగా ఉంటుందనుకున్నాను. ఉండదు. తగలగానే చప్పుడు చెవిలో కాదు, పాదంలో వినపడుతుంది. అక్కణ్నుంచి పైకి వస్తుంది."

"ఎక్కడిదాకా?"

"ఇక్కడిదాకా," అని మోకాలు చూపించారు. "ఇంకొంచెం పైకి కూడా ఏమో, సరిగ్గా గమనించలేదు. వచ్చే ఆదివారం నువ్వూ రా, చెప్పు దించుకుంటాం. ఇంకోసారి తన్ని చూసి చెబుతాను."

అన్నం తిని, బల్ల కింద బట్టల మూటకు తల ఆనించి నడుం వాల్చారు. ఆమె ఇస్త్రీ పెట్టె తీగ పీకి, బురద దుప్పటి ఉతకడానికి పెరట్లోకి వెళ్లింది. ఉతుకుతూ, ఈ వయసులో ఈయనకు ఈ సరదా ఏమిటా అని తనలో తను నవ్వుకుంది. దుప్పటి ఆరేసి వచ్చి, లేచి టీ తాగమని పిలిచింది. రెండోసారి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచి, చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. పెట్టె అప్పటికి చల్లారిపోయింది.

మళ్లీ ఆదివారం గోడ నిచ్చెన తెచ్చింది. మాస్టారి భార్య కూడా వచ్చింది. దినాలు కాకపోయినా, ఆయన రమ్మన్నాడు కాబట్టి వచ్చింది. చొక్కాల మూట గట్టు మీద దించి, "ఎక్కణ్నుంచి తన్నాడు?" అని అడిగింది. గుండుసూది ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సున్నపు చుక్క మీద నిలబెట్టింది. ఆమె అక్కణ్నుంచి షెడ్డు కప్పు దాకా చూసింది, మళ్లీ చుక్క దాకా చూసింది.

"ఇంత దూరమా," అంది.

"చాలా దూరం అమ్మమ్మా," అంది గుండుసూది.

గోడ నిచ్చెనను షెడ్డుకు ఆనించి కాసేపు పట్టుకు నిలబడి, తర్వాత తీసి గడ్డిలో పడుకోబెట్టింది. పిల్లలు చొక్కాలు తొడుక్కుని ఆటకు దిగారు. రేకుల మీద చెప్పు బోర్లా పడి ఉంది, మడమ దగ్గర అరిగిన అడుగుభాగం పైకి పెట్టుకుని, ఎండలో.