ఊక గది కళ్లు

నాలుగు రిపోర్టులు. నలుగురు మనుషులు. నలుగురికీ ఒకేచోట చీకటి.

నవనీత ట్యాబ్‌ను ఒళ్లో పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చూసింది. రెండు కళ్లకీ పై సగం నల్లగా ఉంది, పైనుంచి పరదా దించినట్టు. కింది సగం శుభ్రంగా ఉంది.

ఆమె సూర్యాపేటలో ఒక కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్. మనిషి ఎదురుగా చూస్తున్నప్పుడు పైనా కిందా పక్కలా ఎంతమేర కనిపిస్తోందో కొలవడం ఆమె పని. అందుకు ఆసుపత్రిలో బీరువా అంత మిషన్ ఉంది. ఈ ఏడాది దానికి తోడు బ్యాగులో పట్టే వీఆర్ హెడ్‌సెట్ వచ్చింది. తలకు పెట్టుకుంటే లోపల మధ్యలో ఒక ఎర్ర చుక్క కనిపిస్తుంది. చూపు దాని మీదే ఉంచాలి. చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే చేతిలో బటన్ నొక్కాలి. నొక్కనిచోట రిపోర్టులో నలుపు పడుతుంది.

ఆ మంగళవారం మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో క్యాంపు. ఇరవై ముగ్గురికి పరీక్ష చేసింది. పంతొమ్మిది మందికి ఏ లోపమూ లేదు. మిగిలిన నలుగురూ ఊక గదిలో పనిచేసేవాళ్లే. వడ్ల నుంచి విడిపోయిన ఊకను బ్లోయర్ ఊదికొట్టే గది అది.

ఆ నలుగురిలో యోహాను ఒకడు.

"మేడం, మంచిగనే నొక్కిన గదా?" అన్నాడు హెడ్‌సెట్ తీసి ఇస్తూ. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పన్నెండేళ్లుగా ఊకలో నిలబడ్డవాడు. హెవీ లైసెన్స్ వచ్చి రెండేళ్లయింది. మిల్లుకు కొత్త లారీ వస్తోంది, కంటి పరీక్ష పాసయితే తాళం చెవి అతనిదే.

మిల్లు యజమాని గోపాల్ అప్పటికే ఆమె భుజం మీదుగా ట్యాబ్‌లోకి తొంగిచూశాడు.

"గంత నలుపేందమ్మా?"

"అక్కడ కనిపించట్లేదని, సార్. కానీ ఇది మొదటి పరీక్షే. సూర్యాపేటలో పెద్ద మిషన్ మీద ఇంకోసారి చూడాలి. అక్కడ పది రోజుల దాకా ఖాళీ లేదు."

"గురువారం నాలుగింటికి లారీకి ముహూర్తం. పది రోజులు ఎవడాగుతడు?" గోపాల్ యోహాను వైపు తిరిగాడు. "పైన బోర్డు కనవడదు, కరెంటు వైరు కనవడదు. నీకు లారీ ఎట్లియ్యాలె రా? హుజూర్‌నగర్ శివకుమార్‌కు ఫోన్ జేస్త, ఆడు నడుపుతడు."

యోహాను బటన్‌ను ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. నవనీత అడిగితేగాని ఇవ్వలేదు.

*

"మిషన్ చెడిందేమో చూశావా?" అని అడిగింది డాక్టర్ ఉషారాణి మర్నాడు సూర్యాపేటలో.

"చూశాను మేడం. అద్దాలు తుడిచాను. నేనే పెట్టుకుని చేసుకున్నా, మన వాచ్‌మన్‌కి కూడా చేశా. ఇద్దరికీ నలుపు లేదు."

"రెప్పలు జారినవాళ్లకు పైభాగం ఇట్లానే పోతుంది."

"ముందదే చూశాను. మాట్లాడుతుంటే కళ్లు పెద్దవిగానే ఉన్నాయి."

డాక్టర్ నాలుగు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "మిల్లులో ఫలానా గదిలో పనిచేసేవాళ్లకే వస్తానని ఏ రోగమూ అనదు నవనీతా. కంట్లో ఏదన్నా ఉంటే ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉండాలి. ఇది కంటి సంగతి కాదు. ఆ గది సంగతి."

గది సంగతంటే ఏమిటి? దుమ్మా? వేడా? చప్పుడా? నవనీతకు మధ్యాహ్నం అన్నం కూడా సరిగా సయించలేదు. జవాబు తెలియనిది ఏదైనా చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంటుంది ఆమెకు.

*

గురువారం కోదాడలో క్యాంపు. పన్నెండు గంటలకు ఆఖరి కుర్చీలో మైసమ్మ కూర్చుంది. అరవై దాటిన మనిషి. నవనీత హెడ్‌సెట్ పెట్టి పట్టీ బిగించి, స్టార్ట్ నొక్కింది. నుదుటి దగ్గర చిన్న ఫ్యాన్ గుర్రుమంది. మిషన్ వేడెక్కకుండా చల్లబరిచే ఫ్యాన్ అది.

"ఓయమ్మో, ఆపమ్మా తల్లీ!" మైసమ్మ రెండు చేతులూ ఎత్తింది. "అది ఆపు. కళ్లల్లో ఊక పడుద్ది."

నవనీత చెయ్యి ట్యాబ్ మీదే ఆగిపోయింది.

"ఊకేంటి పెద్దమ్మా? ఇక్కడ ఊకెక్కడుంది?"

"లేదులే. నవ్వకు." మైసమ్మే నవ్వింది. "మిర్యాలగూడ మిల్లులో పదిహేనేళ్లు చేశాను. బ్లోయర్ అచ్చం ఇట్టాగే అరుస్తది. నుదుటికి గాలి తగిలిందా, ఇంక రెప్ప దానంతటదే వాలిపోద్ది. పూర్తిగా మూస్తే పనెట్టా అయిద్ది? సగం మూసి, కింద సందులోంచి చూసుకుంటా చేసేవాళ్లం. మానేసి తొమ్మిదేళ్లయినా ఈ పాడు రెప్ప మరవలా."

నవనీత వెంటనే ట్యాబ్‌లో వెతికింది. హెడ్‌సెట్ లోపల కంటిని చూసే బుల్లి కెమెరా ఉంటుంది. చూపు పక్కకు పోయినా, కన్ను మూతపడినా బీప్ కొడుతుంది. బీప్ రాకపోతే ఆ వీడియో ఎవరూ తెరిచి చూడరు. ఆమే ఇంతవరకు తెరవలేదు.

యోహాను వీడియో తెరిచింది. కన్ను విప్పారి ఉంది. ఫ్యాన్ మొదలైంది. రెప్ప దుకాణం షట్టర్‌లా నెమ్మదిగా దిగి నల్లగుడ్డుకు సగంలో ఆగింది. పరీక్ష అయ్యేదాకా అక్కడే ఉంది. కంటిపాప కొంచెం కనిపిస్తూనే ఉంది కాబట్టి మిషన్ బీప్ కొట్టలేదు.

ఊక గదిలోనే పనిచేసే లక్ష్మణ్ వీడియో కూడా అంతే. మిగిలిన ఇద్దరివీ అంతే.

గోపాల్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ముహూర్తం హడావిడిలో ఉన్నాడేమో. గడియారం చూసింది. పన్నెండున్నర. మైసమ్మకు ఫ్యాన్ ఆపి పరీక్ష చేసేసరికి ఒంటిగంట. బ్యాగు భుజానికి తగిలించుకుని బస్టాండు వైపు దాదాపు పరిగెత్తింది. హుజూర్‌నగర్‌లో బస్సు అరగంట నిలిచింది. కదులు, కదులు అని సీటు కమ్మీని గుద్దింది. పక్కనున్నామె విచిత్రంగా చూసింది.

*

మిల్లు గేటు దగ్గర ఆటో దిగేసరికి నాలుగు కావడానికి అరగంట ఉంది. లారీకి బంతిపూల దండలు వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. శివకుమార్ కొత్త ప్యాంటు వేసుకుని బానెట్ దగ్గర నిలబడ్డాడు. యోహాను మాత్రం దూరంగా ఊక గది గుమ్మంలో ఉన్నాడు.

"సార్, ఇరవై నిమిషాలు ఆగండి. యోహాను కళ్లు బాగానే ఉన్నాయనుకుంటున్నా."

గోపాల్ నుదురు చిట్లించాడు. "కనవడదన్న కాయితం ఇచ్చింది నువ్వే. మల్ల కాదనేది గూడ నువ్వేనా? గిదేం పరీక్షమ్మా?"

"తప్పు నాదే సార్. సరిచేసుకోనివ్వండి."

యోహానును కుర్చీలో కూర్చోబెట్టి, సెట్టింగ్స్‌లోకి పోయి ఫ్యాన్ ఆపేసింది. పది నిమిషాలు దాటితే మిషన్ వేడెక్కి ఆగిపోతుందని హెచ్చరిక వచ్చింది. పరీక్షకు ఎనిమిది నిమిషాలు పడుతుంది. బటన్ టిక్కు టిక్కుమంటోంది. చుట్టూ మూగినవాళ్లు వింటున్నారు. ఏడో నిమిషంలో తెర మీద మిషన్ వేడెక్కిందని ఎర్ర గుర్తు వెలిగింది. ఎనిమిదో నిమిషంలో పరీక్ష ముగిసింది.

రెండు బొమ్మలూ శుభ్రంగా ఉన్నాయి. పై సగంలో నలుపు లేదు.

"పాస్ గావాల్నని స్విచ్‌లు మార్చినవ్," అన్నాడు గోపాల్.

నవనీత పాత వీడియో చూపించింది. రెప్ప దిగడం అందరూ చూశారు. అయినా గోపాల్ తల అడ్డంగా ఊపాడు. "గింత బుడ్డ పంకకు ఎవడన్న కండ్లు మూసుకుంటడా? నాయన నన్ను గూడ రెండేండ్లు గా ఊక రూంలనే నిలవెట్టిండు. నాకైతే ఏం గాలే."

గుంపులో ఎవరో దగ్గారు. సేటు ఈ మాట ఏటా దసరాకు చెబుతాడు. ఎప్పుడూ తెల్లచొక్కాలో తిరిగే మనిషి ఊకలో నిలబడ్డాడంటే మిల్లులో నమ్మినవాడు ఒక్కడూ లేడు.

నవనీతకు మాత్రం ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. "అయితే మీరు పెట్టుకోండి సార్. ఫ్యాన్ ఆన్‌లోనే ఉంచుతాను."

గోపాల్ అటూ ఇటూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. ఫ్యాన్ గుర్రుమంది. ఈసారి కెమెరా వీడియోను ట్యాబ్ మీద అందరికీ కనబడేలా పెట్టింది.

సేటు కన్ను విప్పారి ఉంది. తర్వాత రెప్ప మెల్లగా సగం దాకా దిగి నిలిచిపోయింది.

"అరె!" లక్ష్మణ్ ఎగిరి గంతేశాడు. "సేటు నిజంగనే ఊక రూంల జేసిండు రో!"

మిల్లంతా ఒక్కసారి గొల్లుమంది. పరీక్ష ముగిశాక గోపాల్ హెడ్‌సెట్ తీసి తన రిపోర్టు చూసుకున్నాడు. పై సగం నల్లగా ఉంది. అతనూ నవ్వేశాడు.

"ముప్పయ్యేండ్ల సంది జెప్తున్న. ఒక్కడన్న నమ్మిండా రా?" జేబులోంచి తాళం చెవి తీశాడు. "యోహానూ, పట్టు. శివకుమార్, ఏమనుకోకు తమ్మీ, దావత్ తిని పో."

యోహాను రెండు చేతులతో అందుకున్నాడు.

కొబ్బరికాయ కొట్టి, దావత్ ముగిసేలోపు నవనీత ఊక గదిలోని మిగతా ముగ్గురినీ వదల్లేదు. ఫ్యాన్ ఆపి, మధ్యమధ్య మిషన్‌ను చల్లారనిస్తూ మళ్లీ పరీక్ష చేసింది. ఇద్దరికి శుభ్రంగా వచ్చింది. లక్ష్మణ్‌కు మాత్రం ఎడమ కంట్లో పైన ముక్కు వైపు కొడవలిలా సన్నటి నలుపు మిగిలింది. మొన్న పై సగమంతా నల్లబడటంతో ఆ గీత అందులో దాగిపోయింది.

"గిది పంక పని గాదా మేడం?" గంతులేసిన లక్ష్మణ్ గొంతు ఇప్పుడు చిన్నబోయింది.

"కాదన్నా. ఇది పెద్ద మిషన్ మీద చూడాలి. తొందరగా దొరికింది, భయపడకు." డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఉషారాణి రేపు పొద్దున్నే తీసుకురమ్మంది, వరుసతో పనిలేకుండా.

ఆ సాయంత్రం లారీ మొదటి లోడు ఎలాగూ సూర్యాపేటకే. యోహాను స్టీరింగ్ పట్టాడు. లక్ష్మణ్ మధ్యలో, నవనీత కిటికీ పక్కన కూర్చున్నారు. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. కొత్త క్యాబిన్‌లో డ్రైవర్ ఎదురుగా చిన్న ఫ్యాన్ ఉంది. నవనీత స్విచ్ వేసింది. అది తిరగలేదు. మళ్లీ వేసింది.

"తిరగది మేడం," అన్నాడు యోహాను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "తాళం చేతికి రాంగనే ముందుగాల దాని వైరు వీకేసిన. జర అద్దం దించుకోండ్రి."