అక్క నవలలో చెల్లెలు

కొత్త నవల వచ్చిందంటే చదివేదాకా నాకు కాలు నిలవదు. ఈ జబ్బు సగం ఉద్యోగం వల్లే అంటుకుంది. రచయితలతో వారం వారం ఇంటర్వ్యూలు చేసే కార్యక్రమానికి నేను ఆడియో ఎడిటర్‌ని. వాళ్ల దగ్గులూ, నసుగుళ్లూ, నీళ్లు తాగే చప్పుళ్లూ కత్తిరించి పారేయడం నా పని. ఆ మహానుభావులు ఎంత తడబడినా, ప్రసారంలో గడగడా మాట్లాడుతున్నారంటే అది నా చలవే.

అలాంటిదాన్ని మా అక్క నవల మాత్రం సగంలో మూసేశాను. అందులో తల్లి ఆస్పత్రిలో ఉంటే చెల్లెలు తొంగి కూడా చూడదు. పెద్దది ఒక్కతే మంచం పక్కన కుర్చీలో రాత్రింబవళ్లు కూర్చుంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావని మా ఆయన నవ్వాడు. తడుముకోక ఏం చేస్తాను? ఆ చెల్లెలు నాలాగే గోళ్లు కొరుకుతుంది, నాలాగే మాట మధ్యలో లేచిపోతుంది. ఆ రోజు నుంచి అక్క ఫోన్ ఎత్తడం మానేశాను. ఆ పుస్తకం మీద వచ్చిన సమీక్షలూ ఇంటర్వ్యూలూ మాత్రం ఒక్కటీ వదల్లేదు. చెల్లెలి పాత్ర అద్భుతంగా కుదిరిందని ఎవరో రాస్తే ఆ పూట నాకు తిండి సహించలేదు.

చివరికి మా కార్యక్రమానికే వచ్చింది అక్క. మేం అక్కాచెల్లెళ్లమని అక్కడ ఎవరికీ తెలియదు. రికార్డింగ్ రోజు సెలవు పెట్టాను. అయినా ఆ ఫైలు నా దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది? కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగి తిరిగి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

ఆ చెల్లెలు మీ సొంత చెల్లెలేనా అని యాంకర్ అడిగింది. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పూర్తిగా కల్పితం అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మౌనం కత్తిరించకుండా వదిలేస్తే చాలు, అబద్ధమని వినేవాళ్లందరికీ తెలిసిపోతుంది. వదిలేద్దామనే అనుకున్నాను.

అంతలో ఎవరో పిలిస్తే యాంకర్ బయటికి వెళ్లింది. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. కుర్చీ జరిగిన చప్పుడు, ఆ వెంటనే మైకుకి మరీ దగ్గరగా అక్క గొంతు.

"ఫోన్ ఎలాగూ ఎత్తవు. ఇదైతే వినక తప్పదు కదా. ఆ చెల్లెలు నువ్వేనే. అమ్మని చూడ్డానికి రాలేదన్న కోపంలో రాశాను. కోపం పోయింది, పుస్తకం మిగిలిపోయింది. తిట్టాలనుంటే ఫోన్ చేసి తిట్టు."

వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఏడుపొచ్చింది, కోపమూ తగ్గలేదు. తిట్లన్నీ నాలుక చివరే పెట్టుకుని ఫోన్ చేశాను. అక్క "చెప్పు" అనగానే ఒక్కటీ బయటికి రాలేదు.

"నేను వచ్చానక్కా," అన్నాను. "ఒక మధ్యాహ్నం. అమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాను. నువ్వు కుర్చీలోనే నిద్రపోతున్నావు. నర్సు నీకు చెప్పే ఉంటుందనుకున్నాను."

 

"నన్ను లేపొచ్చు కదే," అంది అక్క.

"ఎన్నాళ్లకో కన్ను మూతపడినట్టుంది నీకు. లేపబుద్ధి కాలేదు."