కార్డుకి కావలసిన ఫోటో

పోలీసు స్టేషన్లో రైటరు అడిగింది ఒక్కటే. మీ ఆవిడ ఫోటో ఒకటి ఇవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. అతను మామూలుగానే అడిగాడు గానీ ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆయన ఫోటోగ్రాఫరు. బస్టాండు వెనక వీధిలో పాతికేళ్ళుగా స్టూడియో నడుపుతున్నాడు. ఊళ్ళో సగం మంది మొహాలు ఆయన బీరువాలో, చిన్న చిన్న కవర్లలో, పేర్లు రాసి భద్రంగా ఉన్నాయి. పెళ్ళాం మొహం మాత్రం లేదు.

ఆవిడని ఎప్పుడూ ఫోటో తియ్యలేదని కాదు. ఆవిడని తీసినన్ని ఇంకెవరినీ తియ్యలేదు. పగలంతా జనాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి, కదలకండి అని చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి, తనకోసం తీసుకునే ఫోటోల్లో పంతం పట్టినట్టు కెమెరానే కదిపేవాడు. షట్టరు ఒక సెకనుపాటు తెరిచి ఉంచి, ఆ కాస్తలోనే కెమెరాని కిందికో పక్కకో లాగేవాడు, లేదా గుండ్రంగా తిప్పేవాడు. చెట్లు నల్లటి చారలయ్యేవి, గోడలు పొగయ్యేవి. రంగులంటే గిట్టదు, అంతా నలుపు తెలుపే. ఊళ్ళోవాళ్ళు ఆయనకి ఊపుడు ఫోటోలాయన అని పేరు పెట్టేశారు. ఎక్కడో పెద్ద ఊళ్ళో ప్రదర్శనకి పెట్టి, ఒక బహుమతి కూడా ఇచ్చేసరికి ఇక ఆయన్ని పట్టేవాళ్ళు లేకపోయారు.

ఆ ఫోటోల్లో మనిషి ఎప్పుడూ ఆవిడే. బట్టలు ఆరేస్తూ, జడ వేసుకుంటూ, తలుపు తీస్తూ. ఇందులో నేనెక్కడున్నానండీ అని ఆవిడ అడిగితే, మొహం ఎవడైనా తీస్తాడు, నేను నిన్ను తీశాను అనేవాడు. వినడానికి బాగానే ఉంటుంది. మొదట్లో ఆవిడ కూడా మురిసిపోయింది.

ఏడాదిగా ఆవిడకి మతిమరుపు పట్టుకుంది. ఇంకా యాభై నిండలేదు. ముందు పొయ్యి మీద పాలు మరిచిపోయేది, తర్వాత బస్సులో సంచి వదిలేసింది, దాంతోపాటే గుర్తింపు కార్డూ పోయింది. చివరికి దిగాల్సిన చోటు కూడా మరిచిపోవడం మొదలుపెట్టింది. డాక్టరు నసగకుండా చెప్పాడు. ఫోటో, చిరునామా ఉన్న కార్డు చేయించి మెడలో వెయ్యండి, ఏదో ఒక రోజు తప్పిపోతారు అన్నాడు.

మర్నాడే ఆవిడ తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని స్టూడియోకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ ఒక్కటీ కదపకుండా తియ్యండి. దారి తప్పితే ఎవరో ఒకరు నన్ను ఇంటికి చేర్చాలిగా," అంది.

అలాగే అన్నాడు. నిజంగానే అలాగే తియ్యాలనుకున్నాడు. కానీ కిటికీలోంచి వెలుగు ఆవిడ చెంప మీద సగం దాకా వచ్చి ఆగింది. వెనక నల్లటి తెర. కళాకారుడు కదా, చెయ్యి ఊరుకోలేదు. షట్టరు సెకనుకి తిప్పి, కెమెరాని మెల్లిగా పక్కకి లాగాడు. మామూలు ఫోటోకి టక్కున ఒకే చప్పుడు వస్తుంది. దీనికి తెరుచుకున్నప్పుడు ఒకటి, మూసుకున్నప్పుడు ఒకటి. ఇరవై రెండేళ్ళుగా వింటున్న ఆవిడకి ఆ తేడా తెలియకుండా ఉంటుందా. అన్నీ మరిచిపోతున్నా అది మాత్రం మరిచిపోలేదు.

"మళ్ళీనా," అంది, స్టూలు మీంచి లేస్తూ.

ఫిల్ము రోలు అయిపోయింది, రేపు తీస్తాలే అన్నాడు. రోలు అయిపోయిన మాట నిజమే. ఆ రేపు పదకొండు రోజులు రాలేదు. పన్నెండో రోజు పొద్దున ఆవిడ బొత్తాలు కొనుక్కొస్తానని బయటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

స్టేషన్ నుంచి వచ్చి ఇంట్లో పెట్టెలన్నీ నేల మీద బోర్లించాడు. పెళ్ళి ఫోటోలు ఎప్పుడో చెదలు తినేశాయి. అప్పటికింకా చేతుల్లో ఫోన్లు లేని రోజులు. వందల కొద్దీ ఫోటోల్లో ఆవిడ భుజం ఒక గీత, జుట్టు ఒక మరక, మొహం ఒక తెల్లటి పొగ. తన మీద తనకే అసహ్యం వేసింది. ఉన్నవాటిలో నయమనిపించిన ఒకటి స్టేషనుకి పట్టుకెళితే, రైటరు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో ఏది పైనండీ అని అడిగాడు. వెటకారం కాదు, పాపం తెలియకే అడిగాడు.

పక్క ఊరి నుంచి వదిన, అంటే ఆవిడ అక్కగారు, వచ్చింది. తనని నాలుగు మాటలతో దులిపేస్తుందనుకున్నాడు. కానీ ఆమె సంచిలోంచి ఒక ఫోటో తీసి ఇచ్చింది. చెల్లెలికి పంతొమ్మిదేళ్ళప్పటిది. రెండు జడలు, నిండు బుగ్గలు. ఇప్పటి మనిషికీ దానికీ పోలికే లేదు. అయినా ఆయన దాన్నే రెండు వందల కాపీలు తీసి, బస్టాండుల్లో, ఆసుపత్రుల్లో తన చేత్తోనే అంటించి వచ్చాడు.

ఆవిడ వెళ్ళిన ఆరో రోజు నలభై మైళ్ళ అవతలి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అక్కడ బస్టాండు మెట్ల మీద పడి తలకి దెబ్బ తగిలిన ఒకామెని ఎవరో చేర్చారట. నాలుగు రోజులు అక్కడే ఉందట. ఎవరమ్మా నువ్వు అంటే చెప్పలేకపోయేదట. నిన్న సాయంత్రం పోయింది. అక్కడి పోలీసులు అన్ని స్టేషన్లకీ కబురు పెడితే రైటరుకి ఈయన గుర్తొచ్చాడు.

వార్డు తలుపు పక్కనే, ఆవిడ అక్కడ చేరకముందే ఆయన అంటించి వెళ్ళిన కాగితం ఇంకా ఉంది. నర్సు దాని వంక చూడలేక తల దించుకుంది.

"ఈ ఫోటో రోజూ చూస్తూనే ఉన్నానండీ. ఈవిడే ఆవిడని ఎలా అనుకుంటాను?" అంది. "ఆవిడ పొద్దస్తమానం తలుపు వంకే చూసేది."

మార్చురీ దగ్గర పోలీసు, ఫైలుకి ఫోటో ఉంటేగాని శరీరం ఇవ్వలేమనీ, తమ ఫోటోగ్రాఫరు సాయంత్రానికిగాని రాడనీ చెప్పాడు. కెమెరా లేనిదే ఆయన గడప దాటడు, ఆ రోజూ మెడలోనే ఉంది. నేను తీస్తాను అన్నాడు. వెంట వచ్చిన వదిన వద్దని చెయ్యి పట్టుకుంది గానీ ఆయన విడిపించుకున్నాడు.

మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, కెమెరాలోంచి చూస్తూ మెల్లిగా ఫోకస్ తిప్పాడు. కనుబొమలు, పెదాల పక్క ముడత, ఒక్కొక్కటే తేటపడ్డాయి. ఎడమ చెవి కింద కందిగింజంత నల్లటి మచ్చ కనబడింది.

"వదినా, ఇక్కడ కూడా దెబ్బ తగిలినట్టుంది," అన్నాడు.

వదిన వంగి చూసింది.

"దెబ్బ కాదు. పుట్టుమచ్చ," అంది. "పుట్టినప్పటి నుంచీ ఉంది."

ఆయన కెమెరా కంటికి ఆనించుకునే ఏడ్చాడు. అద్దం మసకబారింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, మొహం స్పష్టంగా కనబడేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు.