మూత తీయకుండా చెప్పిన వయసు

పాత వాచీల వయసు చెప్పడంలో ఆమెకు మంచి పేరుంది. కంటికి ఎప్పుడూ అద్దం తగిలించుకుని ఉంటుందని ఇంట్లో అందరూ భూతద్దం అంటారు. ఎంత పేరుంటే ఏం, నోరు ఊరుకోదు కదా!

ఆ రోజు మేనత్త ఆమె వాచీల రిపేరు దుకాణానికి వచ్చి, చనిపోయిన మామయ్య వాచీ బల్ల మీద పెట్టింది. పెళ్లికి ముందు అత్తయ్య తన మొదటి జీతంతో కొని ఆయనకిచ్చిన వాచీ అది. ఆయన చివరిదాకా దాన్నే పెట్టుకున్నాడు.

"ఎప్పుడు తయారైందో చూసి చెప్పవే. మూత మాత్రం తీయకు, తిరుగుతున్నదాన్ని కెలకొద్దు."

భూతద్దం వాచీ ముఖం మాత్రమే చూసింది. ఆరు అంకె కింద చీమ తలంత అక్షరాలు కనిపించాయి. అంకెలు చీకట్లో మెరవడానికి పూసే రంగును మార్చాకే కంపెనీలు వేయడం మొదలుపెట్టిన గుర్తు అది. వెనకా ముందూ చూడకుండా అనేసింది.

"ఇది మీ పెళ్లయిన చాలా ఏళ్లకి వచ్చింది అత్తయ్యా."

అత్తయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అయితే నేనిచ్చింది ఎక్కడో పారేసుకుని, అలాంటిదే ఇంకోటి కొన్నారన్నమాట. రోజూ నా ఎదురుగానే కూర్చుని కీ ఇచ్చేవారే!"

భూతద్దం నాలుక కరుచుకుంది. మూత తీయకుండా వయసు చెప్పకూడదని పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి పాఠం చెప్పేది తనే మరి. ఆ పాఠం సొంత అత్తయ్య దగ్గర గాలికి పోయింది.

"నన్ను ఎంతైనా తిట్టు, ఒక్కసారి మూత తీయనీ," అని బతిమాలింది. అత్తయ్య తల తిప్పుకుంది, కానీ వద్దనలేదు.

మూత ఊడింది. లోపలి యంత్రం మీది నంబరు పెళ్లికి ముందటి ఏడాదిదే. మరలకి పాత తుప్పు మచ్చలున్నాయి. మూత లోపలివైపు ఎవరో మెకానిక్ సూదితో గీసి పెట్టాడు: నీళ్లు చేరాయి, ముఖం కొత్తది.

"వాచీ నువ్విచ్చిందే అత్తయ్యా! ముఖం ఒక్కటే మార్పించారు. నీళ్లలో పడిందెప్పుడు?"

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనేనే! జేబులో వాచీ ఉందేమో చూసుకోకుండా ఆయన చొక్కా సబ్బునీళ్లలో నానబెట్టేశాను. ఏడుస్తుంటే, 'దానికేం కాలేదు, పట్టీ తడిసింది, మార్పించుకొస్తాను' అన్నారు. పట్టీ మార్చడానికి అన్నాళ్లెందుకు పట్టిందని కూడా అడగలేదు నేను."

నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. భూతద్దానికి మాత్రం పోయిన ప్రాణం లేచి వచ్చింది. మూత బిగించి వాచీ చేతికిచ్చింది.

"పోనీ, పాత ముఖం లాంటిది వెతికి వేయనా?"

"నీ మొహం! ఇది నేను ఏడవకూడదని ఆయన వేయించింది," అంటూ అత్తయ్య వాచీని తన చేతికే పెట్టుకుంది.