ఇరవై రెండో అధ్యాయానికి వచ్చిన సవరణ

నూట పన్నెండో 'మిణుగురు' తెర మీద పసుపురంగులో వెలిగింది. చిన్ని మీట నొక్కింది. అది 'చెకుముకి' అయి కూర్చుంది. నూట పదమూడోది వెలిగింది. మళ్ళీ నొక్కింది. ఎడమచేతిలో టీ గ్లాసు చల్లారిపోతోంది గాని ఆమె ధ్యాసంతా కుడిచేతి చూపుడువేలి మీదే ఉంది. ఆ వేలి కణుపు ఏడాదిగా వాచి ఉంది. ఇవాళ మాత్రం నొప్పి తెలియడం లేదు.

యాభై మూడేళ్ళు నిండినా ఇంట్లో ఆమె చిన్నే. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు పైకి ముడిచి అందులో పెన్సిలు గుచ్చుకుంటుంది, తర్వాత పెన్సిలు కోసం ఇల్లంతా వెతుకుతుంది. కళ్ళజోడు కాడ విరిగితే అక్క నల్లదారంతో చుట్టి ఇచ్చింది. ఉద్యోగం, మిక్సీలతో, వాషింగ్ మెషీన్లతో పాటు అట్టపెట్టెలో వచ్చే చిన్న పుస్తకాలు రాయడం. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోరాదన్న సంగతిని ఇరవై ఏడేళ్ళుగా ఎన్ని విధాల చెప్పవచ్చో అన్ని విధాలా చెప్పింది. ఆ పుస్తకాలను ఎవరూ చదవరని, అట్టపెట్టెతో పాటే అటకెక్కుతాయని ఆమెకు తెలుసు. ఇవాళ ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది. నిజానికి ఈమధ్య కాలంలో ఆమె ఇంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేదు.

ముందుగదిలో అక్క కుట్టుమిషను గడగడలాడుతోంది. అక్క దర్జీ. ఇద్దరూ పెళ్ళి ఊసెత్తకుండా ఒకే ఇంట్లో ముప్ఫై ఏళ్ళు లాక్కొచ్చారు. అక్క బట్టలు కత్తిరించే బల్లలో సగం చిన్నికి రాతబల్ల. అందుకే ఆమె కీబోర్డు సందుల్లో ఎప్పుడూ దారప్పోగులుంటాయి.

మిణుగురు అంటే కంప్యూటర్‌లో రాసుకోవడానికి పనికొచ్చే ఎడిటర్. డబ్బిచ్చి కొనేది కాదు. ఎవరైనా దాని లోపలి కోడ్ తెరిచి చూడవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. పదిహేనేళ్ళ కిందట ఒకాయన మొదలుపెడితే, ఊరూ పేరూ తెలియని నలభై మంది ఉద్యోగాలు చేసుకుంటూనే తీరిక వేళల్లో దాన్ని పెంచారు. మొదలుపెట్టినాయనను అందరూ పెద్దన్న అంటారు. చిన్ని మాత్రం మనసులో 'మహానుభావుడు' అంటుంది, పళ్ళు బిగించి. కోడ్ అందరిదే గాని పేరు మాత్రం పెద్దన్న తన పేరిట రిజిస్టరు చేయించుకున్నాడు. రెండు నెలల కిందట ఆ పేరును ఒక కంపెనీకి ఇచ్చేశాడు. వెంటనే కంపెనీ వకీలు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. సరుకు మీరే ఉంచుకోండి, పేరు మాత్రం నెలాఖరుకల్లా ఎక్కడా కనబడరాదు అని.

మూడు వారాలు కొట్టుకుని చెకుముకి అని కొత్త పేరు పెట్టుకున్నారు. ఆరువందల నలభై పుటల మాన్యువల్‌లో పేరు మార్చేదెవరన్న ప్రశ్న రాగానే మాత్రం అందరూ మౌనవ్రతం పట్టారు. చిన్ని ముందుకొచ్చింది. పాపం, ఎంత ఓపికో అనుకున్నారు. అది ఓపిక కాదు. పగ.

ఆ పగకు పదకొండేళ్ళు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి కరెంటు పోయి చిన్ని రాసుకున్న ముప్ఫై పుటలు గాల్లో కలిసిపోయాయి. ఆమె ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని కోడ్ నేర్చుకోవడానికి కూర్చునేది. నాలుగు నెలలు కష్టపడి, రాస్తున్నది ఎప్పటికప్పుడు ఒక చాటు ఫోల్డరులో దాచిపెట్టి కరెంటు వచ్చాక తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. దాన్ని పెద్దన్నకు పంపింది. ఆయన ఆ సవరణను తీసుకోకుండా మూసేసి కింద రెండు ముక్కలు రాశాడు. 'ధన్యవాదాలు. నేను చూసుకుంటాను.' పది రోజులకు అదే కోడ్, అక్కడక్కడ పదాలు అటూ ఇటూ జరిపి, ఫైలు తలమీద తన పేరు పెట్టుకుని విడుదల చేశాడు. మిణుగురుకు పేరొచ్చింది దానితోనే. అడుగుదామని ఉత్తరం రాస్తే, పుస్తకాలు రాసే ఆవిడ కోడ్ అంటే జనం నమ్మరనీ, మాన్యువల్ ఆమె బాగా రాస్తుంది కాబట్టి ఆ సదుపాయం గురించి ఒక అధ్యాయం రాసి పెట్టమనీ జవాబిచ్చాడు.

రాసి పెట్టింది. అదే ఆమెకు ఈనాటికీ కడుపుమంట. ఇరవై రెండో అధ్యాయం, 'కరెంటు పోయినప్పుడు'. తన పనిని తానే ఆయన పనిగా పొగుడుతూ పద్దెనిమిది పుటలు.

కోడ్ జోలికి ఆమె పోలేదు. ఫైలు తలమీదున్న పేరును ఆ పేరు గలవాడు తప్ప వేరెవరూ తీయకూడదు. బృందంలో అందరూ ఎన్ని గొడవలు పడ్డా ఈ కట్టుబాటు దాటరు. మాన్యువల్ మాత్రం ఆమె రాజ్యం. అక్కడ ఎవరుండాలో ఎవరు పోవాలో ఆమె ఇష్టం. వకీలు పేరు తీయమన్నాడు, ఏ పేరో ఆమెకు బాగా తెలుసు.

ఉదయం ఎనిమిదింటికి ముందుమాటతో మొదలుపెట్టింది. 'నేను ఒంటరిగా ఒక గదిలో కూర్చుని' అని మొదలయ్యే ఆ మూడు పుటలను ఒక్క వేటున లేపేసింది. ఆయన గడ్డం మీద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న ఫొటో పోయింది. 'పెద్దన్న రంగులు' అన్న అమరిక 'ముదురు రంగులు' అయింది. నాలుగో పాఠంలో నమూనా ఉత్తరం కింద ఆయన సంతకం ఉండేది. దాని బదులు 'ఇట్లు, మీ విధేయుడు' అని ఊరుకుంది. తీసిన ప్రతిసారీ కాస్త నవ్వుకుంది. ఒకచోట మాత్రం పురుగుల గురించిన నమూనా పేరాలో 'చెకుముకి వానాకాలం చెట్ల మీద ఎగురును' అని వచ్చేసింది. దాన్ని వెనక్కి తిప్పి, అందుకే ఒక్కొక్కటే చూసి మార్చాలని తనకు తానే చెప్పుకుంది.

అక్క బల్ల దగ్గరికొచ్చి కత్తెర అందుకుంటూ తెర వంక తొంగి చూసింది.

"ఎవరి పేరు పీకుతున్నావే పొద్దున్నుంచీ?"

"అతనిదే."

"ఆ మనిషికి ఒంట్లో బాలేదన్నావుగా మొన్న?"

"కిడ్నీలట, ఆసుపత్రిలో ఉన్నాడు. పేరు అమ్ముకునే తెలివికేం రోగం లేదు."

అక్క పళ్ళతో దారం కొరికి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

పదింబావుకు ఇరవై రెండో అధ్యాయం వచ్చింది. మొదటి వాక్యం చదివేసరికి ఆమె చెవులు వేడెక్కాయి. 'మిణుగురు సృష్టికర్త మనకిచ్చిన గొప్ప వరం' అని ఉంది. రాసింది తానే. ఎంత చవట అయితే ఇలా రాస్తుంది? సృష్టికర్తనూ వరాన్నీ కొట్టేసింది. రెండో పేరా చదవబోతే కళ్ళు మండాయి. ఇక ఆ అధ్యాయంలో ఒక్క అక్షరం కూడా చదవలేకపోయింది. 'అన్నీ మార్చు' మీట నొక్కేసి, కిందికి కూడా చూడకుండా తర్వాతి అధ్యాయానికి వెళ్ళిపోయింది. పదకొండున్నరకు మాన్యువల్ మొత్తాన్ని అందరికీ కనబడేలా విడుదల చేసి, ఒళ్ళు విరుచుకుంది.

పన్నెండూ ఇరవైకి కంప్యూటర్‌లో గంట మోగింది. ఎవరో మాన్యువల్‌కు సవరణ పంపారు. పంపినవారి పేరు చూసి చిన్ని కుర్చీలో నిటారుగా కూర్చుంది. పెద్దన్న. పదిహేనేళ్ళలో ఆయన మాన్యువల్‌లో కామా కూడా దిద్ది ఎరుగడు.

ఇరవై రెండో అధ్యాయం, ఏడో పుట, ఒకే ఒక్క పంక్తి. కరెంటు పోయి రాతపోతే ఏ ఫోల్డరులో వెతకాలో చెప్పే పంక్తి అది. చిన్ని నొక్కిన మీట ఆ ఫోల్డరు పేరునూ మార్చేసింది. జనం కంప్యూటర్లలో ఫోల్డరు ఇంకా పాత పేరుతోనే ఉంది. ఇప్పటికే అందులో దాగి ఉన్న రాతలు చేజారకూడదని, వచ్చే ఏడాది దాకా దాన్ని కదపరాదని బృందమంతా అనుకున్నారు. ఈ సంగతి అందరికీ ఉత్తరం రాసి మరీ చెప్పింది చిన్నే. ఇప్పుడు ఎవడైనా రాత పోగొట్టుకుని ఈ పుట చూస్తే, లేని ఫోల్డరు కోసం వెతికి వెతికి, ఇక పోయిందనుకుని తల బాదుకుంటాడు. పెద్దన్న ఆ ఒక్క పంక్తిలో పాత పేరును తిరిగి పెట్టాడు. కారణం రాసే చోట, 'ఇది మారితే దొరకదు' అని మాత్రం ఉంది.

సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది. తప్పు చేసినందుకు కాదు, పట్టుకున్నవాడు ఆయనైనందుకు. ఆసుపత్రి మంచం మీద పడుకుని కూడా తన పనిలో వేలు పెట్టాడు. పైగా నిజమే చెప్పాడు. సవరణ ఒప్పుకుంటే మాన్యువల్‌కు సాయపడినవారి పట్టీలో ఆయన పేరు దానంతటదే చేరుతుంది. పొద్దున్నుంచీ ఎక్కడెక్కడి నుంచో ఏరి పారేసిన పేరు దర్జాగా ముందు గుమ్మం లోంచి వచ్చి కూర్చుంటుంది.

అప్పుడు ఆమెకు తట్టింది. తట్టగానే ఒళ్ళంతా చల్లబడింది. మాన్యువల్ తెరిచి, ఏడో పుటలో ఆ పంక్తిని తన చేత్తోనే సరిచేసింది, తన పేరు మీదే. తర్వాత పెద్దన్న పంపిన సవరణ దగ్గరికొచ్చి మూసివేత మీట నొక్కింది. కింద గడిలో రాసింది: 'ధన్యవాదాలు. నేను చూసుకుంటాను.'

పదకొండేళ్ళుగా ఆ రెండు ముక్కలను నోట్లో పెట్టుకుని తిరుగుతోంది. ఇవాళ ఉమ్మేసింది. అన్నం సయించింది. రెండోసారి వడ్డించుకుంది. ఏమిటీ విశేషమని అక్క అడిగితే ఆకలి అంది. అంట్లు తానే తోమి, ఏదో కూనిరాగం తీస్తూ గిన్నెలు బోర్లించింది.

మధ్యాహ్నమంతా బొమ్మల పని. తెర ఫొటోల మీద కూడా పాత పేరుంది, నూట ముప్ఫై ఫొటోలు మళ్ళీ తీయాలి. నాలుగు గంటల వేళ ఎనభై ఆరోది తీస్తుండగా బృందం పుటలో ఒక కొత్త సందేశం కనబడింది. పెద్దన్న కూతురు రాసింది. నాన్నగారు ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకు వెళ్ళిపోయారనీ, డయాలిసిస్ మంచం మీద కూడా లాప్‌టాప్ అడిగి తెప్పించుకున్నారనీ, మీ అందరినీ ఆయన ఇంటివాళ్ళలాగే చూసుకున్నారనీ నాలుగు పంక్తులు.

చిన్నికి కన్నీళ్ళు రాలేదు. ముందు వచ్చింది కోపం. ఆమె దెబ్బ తగిలిందో లేదో చెప్పకుండానే జారుకున్నాడు. జవాబు రాస్తాడని, తిడతాడని, తిడితే ఇంకో మాట అందామని సిద్ధంగా కూర్చుంది. ఇక అనడానికి మనిషి లేడు.

ఫోను మోగింది. పశువుల డాక్టరు. బృందంలో కోడ్ సరిచూసే బాధ్యత ఆయనది. ఏదో తటపటాయిస్తున్నాడు.

"మేడమ్, పెద్దన్న పన్నెండూ ఇరవైకి పంపిన సవరణ మీరే మూశారా?"

"నేనే. ఒక్క పంక్తే కదండీ, నేనే సరిచేసేశాను."

"ఒక్క పంక్తి కాదు మేడమ్. రెండు ఫైళ్ళు. రెండోది కోడ్‌లోది. చూడలేదా మీరు?"

చూడలేదు. మొదటి పంక్తి దగ్గరే కళ్ళు మూసుకుపోయాయి. ఫోను చెవికి ఆనించుకునే ఆ సవరణ తెరిచి, మాన్యువల్ పంక్తి దాటి, ఎప్పుడూ తనకు పని పడని చోటికి, కిందికి జరిపింది. కరెంటు పోయినప్పుడు రాత దాచిపెట్టే కోడ్ ఫైలు. దాని తలమీద రాసినవారి పేరుండే పంక్తిని పెద్దన్న తీసేశాడు. ఆయన తప్ప ఎవరూ తీయలేని పంక్తి. ఆ స్థానంలో ఇంకో పేరు రాశాడు.

"మనం మళ్ళీ తెరిచి తీసుకోవచ్చుగా డాక్టరుగారూ?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"లేదు మేడమ్. మీరు మూసిన తర్వాత ఆయనే ఉపసంహరించుకున్నారు. ఒకటీ పదికి. వెనక్కి తీసుకున్నదాన్ని మనం వాడుకోకూడదు కదా. ఆయన ఉంటే అడిగేవాళ్ళం."

ఒకటీ పదికి ఆమె రెండోసారి అన్నం వడ్డించుకుంటోంది. దెబ్బ తగిలిందా అని అనుకుంది కదా, తగిలింది. సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది, ఆయన దాన్ని అంతే సరిగ్గా తిప్పికొట్టి పోయాడు. ఆయన మీద మళ్ళీ మండిపడదామని చూసింది. ఆ మంట ఎటు పోవాలో తెలియక ఆమెలోనే తిరగసాగింది. డాక్టరు ఇంకా ఏదో చెబుతున్నాడు, సంతాపం పుట మాన్యువల్‌లో పెడదామా అని. రేపు మాట్లాడదామని ఫోను పెట్టేసింది.

ముందుగదిలో మిషను ఆగింది. దీపం వేయనా అని అక్క అడిగింది. వద్దంది చిన్ని.

తెర మీద, కొట్టేసిన ఎర్రపట్టీలో పెద్దన్న పేరు, దాని కింద కొత్తగా చేర్చిన పచ్చపట్టీలో, ఆఫీసు జీతం చీటీ మీద తప్ప ఎవరూ రాయని ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా ఉంది.